ఎండగట్టు గొడుగమ్మ

తరలింపుకి ఇరవై రెండు రోజులు

ఈ రోజు నా వంతుకి పది మతాలు వచ్చాయి. భోజనాల వేళకి తొమ్మిదింటిని తేల్చేశాను.

రెండో గట్టువాళ్ళు ఏ గుమ్మం దాటాలన్నా ముందు మూడుసార్లు గెంతుతారు. నాకు ముందు ఈ పని చేసిన పండితుడు దానికి ‘మూడు లోకాలను దాటుట’ అని అర్థం రాసిపెట్టాడు. ఏడుగట్ల సీమ అనే ఆ కంప్యూటర్ ఆటను ఒక్క వారం ఆడినవాడు కూడా అలా రాయడు. అప్పట్లో తలుపు తెరుచుకోవడానికి ఆలస్యమయ్యేది. తోచక గెంతేవాళ్ళం. ఆ తలుపుల పక్కన నిలబడి మమ్మల్ని చూసిన ఆటలోని మనుషులు, మాలాంటి గొప్పవాళ్ళు ఊరికే గెంతరు కదా అనుకున్నారు. నాలుగో గట్టులో ఏడాదికోసారి కుండలకి దణ్ణం పెట్టి మరీ పగలగొడతారు. బంగారం దొరుకుతుందేమోనని కనబడిన ప్రతి ఇంట్లోనూ దూరి కుండలు పగలగొట్టినవాళ్ళం మేమే. పాపం, ఆ ఇంటివాళ్ళు అప్పుడు ఒక్క మాట అనలేదు.

సీమవాళ్ళని మమ్మల్ని చూసి నేర్చుకునేలా తయారు చేశారు. మేం ఆట మానేసి ముప్పై ఏళ్ళు దాటినా వాళ్ళు అక్కడే ఉన్నారు. పంటలు వేసుకుంటున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, మా పిచ్చిపనులన్నింటికీ గుళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు పాత యంత్రం ఆయుష్షు తీరిపోయింది. సీమ మొత్తాన్ని కొత్తదానిలోకి తరలిస్తున్నారు. అక్కడ ప్రతి మతానికీ ఒక పేజీ వివరణ కావాలట. ఆట తయారు చేసినవాళ్ళు రాసిందైతే ‘రాసిన పురాణం’. అది ఉంటుంది. మమ్మల్ని చూసి వాళ్ళు కట్టుకున్నదైతే ‘పుట్టిన పురాణం’. ఆ సంగతి కళ్ళారా చూసిన ఆటగాడు సాక్ష్యం చెబితే అదీ ఉంటుంది. రెండూ కాకపోతే ‘పొరపాటు’. దాన్ని తుడిచేస్తారు.

నాకీ ఉద్యోగం ఇచ్చింది నా చదువు చూసి కాదు. చదువు ఎగ్గొట్టి ఈ ఆట ఆడినందుకు ఇచ్చారు. అమ్మ బతికి ఉంటే నమ్మేది కాదు.

పదో మతం కాగితం తెరిచి మళ్ళీ మూసేశాను. దాని మీద ‘ఎండగట్టు’ అని ఉంది. మా పై అధికారి ఐశాని దాని పక్కన ‘పొరపాటే కావచ్చు, సొంతదారు లేని బొమ్మ ఒకటి అక్కడ ఇరుక్కుపోయి ఉంది’ అని రాసింది.

కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. మా పదిహేడో అంతస్తు కింద సముద్రం ఎప్పటిలాగే తిరగళ్ళని తిప్పుతూ ఊరంతటికీ కరెంటు ఇస్తోంది. వంటిల్లు రెండుసార్లు పిలిచింది, కూర చల్లారిపోతోందని. రేపు వెళ్ళి చూస్తాను.

తరలింపుకి ఇరవై ఒక్క రోజులు

ఆటలోకి తీసుకెళ్ళే కళ్ళద్దాలు పెట్టుకుని రెండు గంటలకి పది నిమిషాల ముందు ఎండగట్టు మీదికి దిగాను. వచ్చింది పరాయి మనిషి రూపంలో. ఉద్యోగులందరికీ ఇచ్చే బూడిదరంగు అంగీ, ముఖం లేని ముఖం.

గట్టు మారలేదు. అదే రేవు, అదే ఎర్రమట్టి, ఒక్క చెట్టు లేని అదే బోడి మైదానం. ఇక్కడికి మృగాలు రావు గానీ ఎండ మనిషిని పీల్చేస్తుంది. రెండవుతుండగా ఎవరో కంచం మీద గరిటెతో కొట్టారు. ఇళ్ళలోంచి జనం తాటాకు గొడుగులు భుజాన వేసుకుని వచ్చారు. పొడుగాటి కర్రలున్న గొడుగులు. మైదానం మధ్యలో నాలుగు ఖాళీ చోట్లున్నాయి. ఒక్కో చోట ఒక్కో గొడుగు పాతారు. ఐదో చోట కట్టెలమ్మే ఆడమనిషి బొమ్మ ఉంది. ముతక చీర, మెడలో నూలుపోగు కూడా లేదు. ఒక చెయ్యి కొంచెం ముందుకి చాపి అలాగే ఆగిపోయింది. ఆమె మీద ఒకటి కాదు, ఏడు గొడుగులు అంతస్తులుగా కట్టారు.

అది మా అప్ప బొమ్మ. మా అక్క పుణ్యవతిది.

నేను కదలకుండా నిలబడిపోవడం చూసి ఒక ముసలావిడ దగ్గరికి వచ్చింది. పేరు చింతాలట. ఇక్కడ పూజలన్నీ ఆవిడే చేయిస్తుంది.

“ఎవులు బావూ? మాడు పగిలిపోయీ ఎండల నిలబడ్డావేటి? ఇలగొచ్చి నీడన కూకో.”

సీమలో మిగతా గట్లవాళ్ళంతా పుస్తకంలా మాట్లాడతారు. పండితుడు తన నలభై పేజీల వ్యాసంలో ఎండగట్టు మాటని ‘ప్రాచీన పూజాభాష’ అన్నాడు. ఏ పూజాభాషా కాదు. పాలకొండ దారిలో ఉన్న మా తోటవలసలో ఆరుగురు పిల్లలు మైకుల్లో అరుచుకున్న భాష అది. మా ఊరు ఇప్పుడు లేదు, రిజర్వాయరు కింద ఉంది. నేను కూడా ఉద్యోగాల్లో పడి ఆ మాట ఎప్పుడో పోగొట్టుకున్నాను. ఎక్కడా వినపడని ఆ యాస ఈ లేని లోకంలో ఒక ముసలావిడ నోట వినేసరికి నాకు ఏడుపొచ్చింది. ముఖం లేకపోవడం మంచిదైంది.

నీడన కూర్చోబెట్టి కథ చెప్పింది.

“మునుపు ఆరుగురు దొరలు వచ్చీవోరు బావూ. పొద్దుట్నుంచీ గెంతీవోరు, తగువులాడుకునీవోరు, నవ్వీవోరు. సూరీడు నడినెత్తి దాటీసరికి ఆళ్ళకి ఊపిరాగిపోయీది. ఎక్కడోళ్ళక్కడ కొయ్యబొమ్మలైపోయీవోరు. మా అమ్మకి ఒక్కదానికే ఇంకాసేపు ఊపిరుండీది. ఆ కాసేపట్ల పరుగెట్టి పరుగెట్టి అందరికీ గొడుగులేసీది. ఆఖర్న తనకోటేసుకునీది.”

దూరంగా, ఎండలో, ఒక గడ్డిబొమ్మ ఒంటరిగా నిలబెట్టి ఉంది. నెత్తిన ఎర్ర తలపాగా. దానికి మాత్రం గొడుగు లేదు.

“మరి అదెవరు?”

చింతాలు ముఖం ముడుచుకుంది. “ఆడా? పరుగుదొంగ. ఒకనాడు అమ్మ తన ఊపిరి ఆడికిచ్చింది. నలుగురికేసాడు. అమ్మకెయ్యకుండా లగెత్తుకుపోనాడు. అమ్మ ఎండల నిలబడిపోనాది. ఒంటిమీద సొమ్ములన్నీ రాలిపోనాయి. నాం ఏరి దాసేం. ఆ నలుగురూ తరవాత లేసి ఎలిపోనారు, మరింక రానేదు. అమ్మొక్కర్తే ఉండిపోనాది.”

నాలుగు గంటలకి మళ్ళీ గరిటె మోగింది. అందరూ లేచి గడ్డిబొమ్మ చుట్టూ చేరారు. ఒక్క గొంతుతో అడిగారు: “గొడుగేసావా?” ఎవరో ముక్కుతో బొమ్మ తరఫున జవాబు చెప్పారు: “ఏసాను.” పిల్లా పెద్దా విరగబడి నవ్వారు, తుపుక్కుమని ఉమ్మారు, ఇళ్ళకి పోయారు.

నేను కళ్ళద్దాలు తీసేశాను. ఆ ప్రశ్న అప్పది. ఆ జవాబు నాది.

తరలింపుకి ఇరవై రోజులు

ఉన్నదున్నట్టు ఇక్కడ రాసిపెడతాను. పత్రంలో రాస్తానో లేదో తెలియదు.

బస్టాండు ఎదురుగా, మందుల కొట్టు మేడ మీద నెట్ సెంటర్. ఆరు కంప్యూటర్లు. చూసుకునేది మా అప్ప. వేసవిలో రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా కరెంటు తీసేసేవాళ్ళు. ఆటలోంచి పద్ధతిగా బయటికొస్తే మళ్ళీ మొదటి గట్టు నుంచి నడుచుకుంటూ రావాలి, అందుకని ఎవరం బయటికొచ్చేవాళ్ళం కాదు. రెండయ్యేసరికి ఆరుగురం మృగాలు రాని ఎండగట్టుకి చేరిపోయేవాళ్ళం. కరెంటు పోగానే మా బొమ్మలు నిలబడ్డచోటే బిగుసుకుపోయేవి. ఎండ వాటి సత్తువ పీల్చేది. సత్తువ పూర్తిగా పోతే సంపాదించిన వస్తువులన్నీ నేల మీద రాలిపోయేవి.

యూపీఎస్ ఒక్క కంప్యూటరుకే ఉండేది, కిటికీ పక్కదానికి. కరెంటు పోయాక మరో పది నిమిషాలు వచ్చేది. ఆ కుర్చీలో అప్ప కూర్చునేది. ఆ పది నిమిషాల్లో అందరి బొమ్మల పక్కనా గొడుగులు పాతి, చివరికి తనకోటి పాతుకునేది. యూపీఎస్ కుయ్యిమని ఆగిపోయేది. ఫ్యాను రెక్కలు నెమ్మదించే చప్పుడు, బస్టాండులో కండక్టర్ల కేకలు. తర్వాత మేడమెట్ల మీద వరసగా కూర్చుని ముంజెలు తినేవాళ్ళం. అప్ప పరీక్ష అట్టతో అందరికీ విసిరేది. ఇన్నేళ్ళలో ఎన్నో మంచి రోజులు చూశాను గానీ, చిన్నతనం అనగానే నాకు గుర్తొచ్చేది కరెంటు లేని ఆ రెండు గంటలే.

సెంటర్ మూసేసే రోజు వచ్చింది. మూడింటికి కంప్యూటర్లు తీసుకుపోవడానికి వ్యాను వస్తుందన్నారు. మర్నాడు అప్ప ఇచ్ఛాపురం వెళ్ళాలి, జీడిపప్పు సంఘంలో ఉద్యోగం. “ఆఖరి రోజు కదరా, ఈయాల నువ్వు కూకో” అని యూపీఎస్ కుర్చీ నాకిచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నా బొమ్మ పేరు వజ్రకేతు. పేరుకి తగ్గట్టు ఎర్ర తలపాగా.

కరెంటు పోయింది. నలుగురికి గొడుగులు పాతాను. ఐదోది అప్పకి. సరిగ్గా అప్పుడు రేవు వెనక గుహలో ఆబోతు గుర్తొచ్చింది. మూడేళ్ళుగా మా ఎవరికీ దక్కని పగడాల కిరీటానికి అది కాపలా. గట్టు మీద అలికిడి లేకపోతేనే నిద్రపోతుంది. ఇప్పుడు అందరూ బిగుసుకుపోయి ఉన్నారు. కిరీటం తీసుకుని వచ్చి గొడుగు వేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పరుగెత్తాను. కిరీటం దొరికింది. వెనక్కి తిరిగేసరికి యూపీఎస్ కూత మొదలైంది.

“ఒరే కిరపా, గొడుగేసావా?” అని అడిగింది అప్ప.

“ఏసాను” అన్నాను. తెర ఆరిపోయింది.

మైకు ఆన్‌లో ఉందని అప్పుడు నాకు తట్టలేదు. గట్టంతా ఆ మాట విన్నది.

అప్ప మళ్ళీ ఆట ముట్టుకోలేదు. మిగతా నలుగురూ తర్వాతెప్పుడో వచ్చి తమ బొమ్మల్ని తీసుకుపోయారట. నేను హాస్టల్లో చేరాక ఒక్కసారి లోపలికెళ్ళి, ఎండగట్టు వైపు చూడకుండానే, వజ్రకేతుని కిరీటంతో సహా మూసేశాను. వెళ్ళి గొడుగు వెయ్యొచ్చు కదా? వెయ్యొచ్చు. సిగ్గేసింది. ఆ సిగ్గు తర్వాత పెద్దదై, అప్పతో ఫోన్లో మాట్లాడుతున్నా మధ్యలో కూర్చునేది. పండక్కీ పబ్బానికీ మాట్లాడే తమ్ముణ్ణైపోయాను.

ఎవరూ గుర్తుపట్టని ఒక పిల్లవాడి అబద్ధానికి రోజూ నాలుగింటికి పూజ జరుగుతోంది.

తరలింపుకి పద్దెనిమిది రోజులు

ఐశానికి సగం నిజం చెప్పాను. కరెంటు పోయేదని, అందుకే బొమ్మలు ఆగిపోయేవని.

“కరెంటు ఎక్కడికి పోయేది సార్?” అంది.

ముప్పై ఏళ్ళ పిల్ల. పుట్టినప్పటి నుంచీ సముద్రం కరెంటు. ఎంత చెప్పినా అర్థం కాలేదు. రోజూ రెండు గంటలు ఊరంతా ఆగిపోయేదంటే, అదేదో వ్రతం అనుకుంది. యూపీఎస్ గురించి చెప్పడం మొదలుపెట్టి నేనే మానేశాను.

“పుట్టిన పురాణం కింద పెట్టాలంటే మీ సాక్ష్యం ఒక్కటే చాలదు సార్. వాళ్ళు మొక్కేది ఒక ఆటగత్తె బొమ్మకి. ఆవిడ స్వయంగా వచ్చి, ఆ బొమ్మని లేపి, ఒప్పుకోవాలి. వాళ్ళ కథలో ఆ దొంగెవరో కూడా పేరుతో రాయాలి. ఇదంతా ఎందుకు? పండితుడి వ్యాసం ఉందిగా. సూర్యుడి భార్య, చీకటి రాక్షసుడు. రాసిన పురాణం కింద దిగిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు.”

“అలా రాస్తే కొత్త యంత్రంలో వాళ్ళకి అదే గుర్తుంటుంది కదమ్మా?”

“అవును. మనం రాసిందే వాళ్ళ పురాణం.”

అలా రాయడం తప్పనిపించింది. దాంతోపాటు, దాచడమెందుకు, కొంచెం హాయిగానూ అనిపించింది. మతం నిలబడుతుంది. గట్టు మీద రెండువందల మంది నిలబడతారు. నా పేరు ఎక్కడా రాదు. పండితుడి నలభై పేజీలని ఒక పేజీకి కుదించడం మొదలుపెట్టాను. నా చేతిరాత ఎప్పుడూ లేనంత బాగా వచ్చింది.

తరలింపుకి పదిహేను రోజులు

పత్రం ఖాయం చేసేముందు సీమవాళ్ళకి చదివి వినిపించాలని రూలు. నాలుగింటి పూజ అయ్యాక చదివాను. సూర్యుడి భార్య అయిన ఛాయాదేవి కోపించి భూమికి దిగడం, చీకటి రాక్షసుడు ఆమె నగలు హరించడం, ఏడు గొడుగులు ఏడు ఆకాశాలు కావడం. ఎంతో హుందాగా ఉంది. జనం మర్యాదగా విన్నారు.

చింతాలు కాసేపు నేల మీద పుల్లతో గీస్తూ కూర్చుంది.

“బాగున్నాది బావూ. గొప్పోళ్ళ కథ. గానీ ఒకటడుగుతాను, ఏటనుకోకు. సూరీడి పెళ్ళాం అయితే ఆయమ్మకి ఎండేటి సేస్తాది? మరింక గొడుగెందుకు?”

నేను చేతిలోని పత్రం మళ్ళీ చూసుకున్నాను.

“మా అమ్మ దేవుడి పెళ్ళాం కాదు బావూ. మాలాటి మనిషే. తనకీ ఎండ కొడతాది. కొడతాదని తెల్సే ముందు అందరికీ ఏసింది. అందుకే మొక్కుతాం. నీ కథల ఆయమ్మ ఏదీ?”

లోపలికెళ్ళి ఒక పెట్టె తెచ్చి నా ముందు తెరిచింది. గొడ్డలి, ఇత్తడి దీపం, వెండి కడియం, నెమలి ఈకల విసనకర్ర. అప్ప మూడేళ్ళు ఆడి ఆడి సంపాదించినవి. ఆ కడియం కోసం దసరా సెలవులన్నీ ధారపోసింది. ముప్పయ్యారేళ్ళుగా రోజూ తుడిచి పెడుతున్నారు.

“ఎప్పుటికైనా వస్తే ఇచ్చీడానికి” అంది చింతాలు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆటబొమ్మలు, యంత్రంలోని మనుషులు, వీళ్ళకున్నపాటి నిజాయితీ నాకు లేకపోయింది. బయటికొచ్చి పత్రాన్ని చెరిపేశాను. ఆ తర్వాత అప్పకి ఫోన్ చేశాను.

“ఏటిరా, పండగ కూడా నేదు కదా?” అంది.

ఉన్న సంగతి చెప్పాను, దొంగ విషయం తప్ప. నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. నీ బొమ్మ అక్కడే ఉంది, నీకు మొక్కుతున్నారు, నువ్వొచ్చి లేపకపోతే తుడిచేస్తారు అన్నాను. అప్ప నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

“నాకు గుడా? మీ బావ వింటే సచ్చీవోడు, ఎప్పుడో పోయి బతికిపోనాడు. సరే, వస్తాను. జీడికాయ కొయ్యడం అవనీ.”

తరలింపుకి తొమ్మిది రోజులు

అప్ప మధ్యాహ్నం పన్నెండింటికి సముద్రం ఒడ్డున నడిచే రైలు దిగింది. అరవై రెండేళ్ళు. చేతిలో జీడిపప్పు సంచీ, భుజాన మడతగొడుగు. ఆరేళ్ళ తర్వాత చూస్తున్నాను. జుట్టంతా తెల్లబడింది, నడక మాత్రం అదే, ఎవరో తరుముతున్నట్టు.

వంటిల్లు దానంతటదే టీ కలిపి ఇస్తే అప్ప దాన్ని కాసేపు అనుమానంగా చూసి, “పాలు తక్కువేసింది” అని సింకులో పోసేసి స్వయంగా పెట్టింది. వంటిల్లు ఏమీ అనలేదు. ఒకటిన్నర దాకా ఊళ్ళో అందరి కబుర్లూ చెప్పింది, ఊరు లేకపోయినా. నేను వింటున్నట్టు తలూపుతూ, దొంగ మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

రెండింటికి ఐదు నిమిషాలుండగా యంత్రం ముందు కూర్చుంది. పాత ఖాతా. యంత్రం తాళంమాట అడిగింది. అప్ప తడుముకోకుండా చెప్పింది. అమ్మ పేరూ నా పేరూ కలిపిన మాట.

తెర మీద గట్టు కనబడింది. జనం గొడుగులు పాతుతున్నారు. అప్ప తన బొమ్మని చూసుకుంది, దాని మీది ఏడు గొడుగుల్ని చూసింది, దూరంగా ఎండలో ఉన్న గడ్డిబొమ్మని చూసింది.

“ఆ ఎర్ర తలపాగా ఎవులు?”

“అప్పా...” అన్నాను.

నా వైపు తిరిగింది. ఆ చూపు చూస్తే నాకు మళ్ళీ పద్నాలుగేళ్ళు.

“ఒరే కిరపా. గొడుగేసావా?”

“నేదప్పా.”

ఎన్నేళ్ళయిందో ఆ మాట ఆ యాసలో నా నోట వచ్చి. “నేదు. నీకు ఎయ్యనేదు. కిరీటం కోసం లగెత్తీసాను. అబద్ధమాడీసాను.” ఇంకా ఏదో అన్నాను. ఏడుస్తూ అన్నమాటలు, రాసినా అర్థం కావు.

“తెలుసురా” అంది అప్ప.

“తెలుసా?”

“నీ యెనకే నించున్నాను కదేటి. అందరి తెరలూ ఆరిపోతే ఎక్కడికెల్తాను? నీ కుర్చీ యెనకే నించుని సూస్తన్నాను. నలుగురికేసావు. గుహలోకెల్లిపోనావు. అంతా సూసాను.”

“మరెందుకు అడిగావు?”

“సెప్తావేమోననీసి.” కొంగుతో నా ముఖం తుడిచింది. చిన్నప్పటిలాగే గట్టిగా, చర్మం ఊడేలా. “సెప్పడానికి ముప్పయ్యారేళ్ళు పట్టీసింది, ఎదవకి. కిరీటం బాగున్నాదా?”

“అమ్మేసే వీలు లేదు, పెట్టుకునే వీలు లేదు. చెత్త కిరీటం అప్పా.”

ఇద్దరం నవ్వాం. అప్పుడు తెర మీద ఏదో తేడాగా అనిపించి చూశాను. గట్టు మీద ఒక్కరూ కదలడం లేదు. అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. మైకు ఆన్‌లో ఉంది.

నేను నాలుక కరుచుకున్నాను. అప్ప మాత్రం ఏమీ జరగనట్టు చేతులు సర్దుకుని, తన బొమ్మని లేపింది.

ముందుకి చాపిన చెయ్యి కిందికి దిగింది. గట్టు మీద ఒక్కసారిగా కేక లేచింది. చింతాలు పెట్టె మోసుకుంటూ పరుగున వచ్చి అప్ప కాళ్ళ దగ్గర తెరిచింది. అప్ప కడియాన్ని చూసి “ఒలమ్మా, ఇది ఇంకా ఉన్నాదా” అని మురిసింది గానీ తీసుకోలేదు. “మీ కాడే ఉంచండి. బాగా దాసినారు” అంది. మైకులో ఆ మాట విని చింతాలు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. వాళ్ళ అమ్మ వాళ్ళలాగే మాట్లాడుతోంది మరి.

అప్ప తన నెత్తి మీది ఏడు గొడుగుల్లోంచి ఒకటి లాగింది. జనం తప్పుకుని దారిచ్చారు. నడుచుకుంటూ మైదానం చివరికి వెళ్ళింది. గడ్డిబొమ్మ పక్కన మట్టిలో గొడుగు కర్ర దిగేసింది. వంగిపోతే మళ్ళీ సరిచేసింది. ఎర్ర తలపాగా మీద నీడ పడింది.

“సిన్న గుంటడ్ని ఎండల నిలబెట్టీసినారేటర్రా ఇన్నాళ్ళూ” అంది.

ఆ తర్వాత ఒప్పుకోలు మీట నొక్కింది. ఇంక బొమ్మని ఎక్కడికీ తీసుకుపోనని, అక్కడే ఉంచమని చెప్పింది. అప్ప బొమ్మ గడ్డిబొమ్మ పక్కనే, ఒకే గొడుగు కింద ఆగిపోయింది.

తరలింపుకి ఎనిమిది రోజులు

పత్రం రాశాను. ఒక్క పేజీలో పట్టింది. కరెంటు, యూపీఎస్, తాటాకు గొడుగులు, కిరీటం. దేవత ఎవరు అన్నచోట పొట్నూరు పుణ్యవతి, నెట్ సెంటర్ ఉద్యోగిని, తోటవలస. దొంగ ఎవరు అన్నచోట పొట్నూరు కృపాసింధు, ఆమె తమ్ముడు. కింద సాక్షి సంతకం కూడా అదే మనిషిది.

ఐశాని చదివి గుడ్లు తేలేసింది. “మీరా సార్ రాక్షసుడు?”

“ఔనమ్మా.”

రెండుసార్లు చదివింది. పుట్టిన పురాణం గడిలో ముద్ర వేసింది. వేస్తూ, “కరెంటు లేకపోతే అందరూ మెట్ల మీద కూర్చునేవాళ్ళా సార్? పనేమీ లేకుండా?” అని అడిగింది. ఔనన్నాను. ఏదో ఆలోచిస్తూ వెళ్ళిపోయింది.

పత్రం చదివి వినిపించడానికి నాలుగింటికి గట్టు మీదికి దిగాను. అప్ప కూడా పక్కన కూర్చుని జీడిపప్పు తింటూ తెర చూస్తోంది. గరిటె మోగింది. జనం లేచి గడ్డిబొమ్మ చుట్టూ చేరారు. ఎప్పటిలాగే ఒక్క గొంతుతో అడిగారు.

“గొడుగేసావా?”

ఎవరూ ముక్కుతో మాట్లాడలేదు. చింతాలు ముందుకొచ్చి, బొమ్మ తరఫున, తల వంచుకుని చెప్పింది.

“నేదప్పా.”

గట్టంతా కలిసి అంది: “తెలుసురా.”

నవ్వలేదు, ఉమ్మలేదు. ఒకావిడ వచ్చి పక్కకి ఒరిగిన గొడుగుని నిటారుగా సర్దింది. అందరూ గడ్డిబొమ్మ తలపాగా మీద చెయ్యి వేసి, ఒక్కొక్కరే ఇళ్ళకి పోయారు.

అప్ప జీడిపప్పు నమలడం ఆపేసింది. నేను పత్రంలో ఆ రెండు మాటలూ చేర్చాను.